వాయిదా సంగతి మాకు ముందే తెలుస్తుంది

ఫలానా ఆట వాయిదా పడిందని లోకానికి ఏ శుక్రవారమో ట్విట్టర్‌లో తెలుస్తుంది. మాకు అంతకు రెండు మూడు వారాల ముందే క్యాబ్‌ల దగ్గర తెలుస్తుంది. నైట్ షిఫ్ట్ బళ్లు నెలాఖరుకు ఆపేస్తామన్న ట్రాన్స్‌పోర్ట్ అతను వచ్చి, “సార్, ఇంకో మూడు నెలలు నడపమన్నారు” అంటాడు. అప్పటికి క్లయింటు నుంచి మెయిల్ ఉండదు, మా మేనేజర్ నోటివెంట మాట ఉండదు. అయినా గచ్చిబౌలిలో మా ఫ్లోర్ మీదున్న ప్రతి ఒక్కరికీ అర్థమైపోతుంది, ఆట అనుకున్న రోజుకు రావడం లేదని.

నాది వీడియో గేమ్ టెస్టింగ్ ఉద్యోగం. ఆటలాడితే జీతమిస్తారట అని నవ్వుకుంటూ చేరాను, ఇప్పుడు ఒక టీముకు లీడ్‌ని. ఆటలు తయారుచేసే స్టూడియోలు అమెరికాలోనో యూరప్‌లోనో ఉంటాయి. అక్కడ పగలంతా చేసిన మార్పులన్నీ కలిపి ఒక బిల్డ్ కట్టి పంపుతారు. మేం దాన్ని ఆడి, ఎక్కడ ఆగిపోతోందో, ఎక్కడ గోడలోంచి మనిషి దూరిపోతున్నాడో, ఎక్కడ సేవ్ చేసిన ఆట మళ్లీ తెరుచుకోవడం లేదో రాసి, వీడియో జతచేసి, బగ్ డేటాబేస్‌లో పెడతాం. సరిచేశామని వాళ్లంటే మళ్లీ ఆడి చూస్తాం. బయట చెప్పకూడదన్న ఒప్పందాల మీద సంతకాలు ఉన్నాయి గనక నేను చేసిన ఆటల పేర్లు ఇక్కడ రాయను. పేర్లు పెట్టి చెప్పేవన్నీ లోకానికి తెలిసిన సంగతులే. ఆ ఆటల్లో వేటిలోనూ నా చేయి లేదు.

ఊరికి వెళ్తే మా అక్క కొడుకు అడిగే మొదటి మాట, “మామయ్యా, జీటీఏ సిక్స్ చెప్పిన డేట్‌కి వస్తుందా?” లోపలి కబురేదో నాకు తెలిసే ఉంటుందని వాడి నమ్మకం. నాకేమీ తెలియదు. ఈ ప్రశ్నకు లోపలి కబురు అక్కర్లేదు కూడా. రాక్‌స్టార్ వాళ్ల జీటీఏ 4 2007 అక్టోబరులో రావాల్సింది, 2008 ఏప్రిల్ 29న వచ్చింది. జీటీఏ 5ను 2013 వసంతకాలంలో ఇస్తామని సెప్టెంబరు 17న ఇచ్చారు. రెడ్ డెడ్ రిడెంప్షన్ 2 అయితే 2017 చివర అన్నారు, తర్వాత 2018 వసంతకాలం అన్నారు, ఆఖరికి 2018 అక్టోబరు 26న తెచ్చారు. జీటీఏ 6 తొలి ట్రైలర్ 2023 డిసెంబరులో వచ్చినప్పుడు 2025 అని వేశారు. 2025 మే నెలలో దాన్ని 2026 మే 26కు జరిపారు. 2025 నవంబరులో మళ్లీ 2026 నవంబరు 19కి జరిపారు. డబ్బుకు గానీ అనుభవానికి గానీ కొదవలేని స్టూడియో ఇది. వాళ్లకే ప్రతిసారీ ఇలా అవుతోందంటే ఈ పని తత్వమే అంత అనుకోవాలి. మొదట చెప్పే తేదీ ఏ ఆటంకమూ రాకపోతే వచ్చే తేదీ. ఆటంకం రాని పెద్ద ఆట నా కంటికి ఇంతవరకు కనపడలేదు.

ఎందుకలా అంటే, మా ఫ్లోర్ మీద నుంచి కనిపించేది చెబుతాను. ఒక ఓపెన్ వరల్డ్ ఆటలో గుర్రం ఉంది, వాన ఉంది, వంతెన ఉంది, వెంటాడే దొంగల ముఠా ఉంది. విడివిడిగా అన్నీ బాగున్నాయి. గుర్రం చేసినవాళ్లు గుర్రాన్ని చూసుకున్నారు, వాన చేసినవాళ్లు వానను చూసుకున్నారు. కానీ వాన కురుస్తుండగా దొంగలు తరిమితే, గుర్రం మీద వంతెన ఎక్కినవాడు చెక్కల్లోంచి దిగబడి నది అడుగున స్వారీ చేస్తున్నాడు. వానలో నేల జారాలని ఎవరో నేల రకం మార్చారు. ఆ కొత్త రకాన్ని వంతెన చెక్కలకు తగిలించడం ఎవరికీ తట్టలేదు. మా టీములో ఒక కుర్రాడికి దొరికిన బగ్ ఇది. దొరికిందాకా ఇలాంటిది ఉంటుందని ఎవరి టెస్ట్ కేసుల్లోనూ లేదు.

ఒకదాన్నొకటి తగిలే అంశాలు పది ఉన్నాయనుకోండి, రెండేసి కలిపి చూడాల్సినవి 45. మూడేసి కలిపితే 120. పెద్ద ఆటలో ఇలాంటివి వందల్లో ఉంటాయి. జనం ఆట ఎంత పెద్దదో మ్యాప్ వైశాల్యాన్ని బట్టి చెబుతారు, మేం ఈ లెక్కను బట్టి చెబుతాం. కొత్త బండినో కొత్త తుపాకినో చేర్చడం ఆర్టిస్టుకు కొద్ది వారాల పని కావచ్చు. ఉన్నవాటన్నిటితో అదెలా మసలుతుందో చూడటానికి ఎన్నాళ్లు పడుతుందన్నది ఎవరి షెడ్యూల్‌లోనూ ఉండదు. పైగా అన్నీ ఒకచోట చేరేది చివర్లోనే. అప్పటిదాకా బూడిదరంగు డబ్బాల మధ్య, గొంతుల్లేని పాత్రలతో ఆడుతుంటాం. మొత్తం కలిశాకగానీ ఆట సరదాగా ఉందో లేదో తెలియదు. సరదాగా లేకపోతే అధ్యాయానికి అధ్యాయం తీసేస్తారు, దాంతోపాటు మేం రాసుకున్న టెస్ట్ కేసులూ పోతాయి.

వాయిదాను పసిగట్టడానికి క్యాబ్‌లకంటే నమ్మకమైన గుర్తు బగ్‌ల గ్రాఫు. రోజుకు ఎన్ని కొత్తవి రాశాం, వాళ్లు ఎన్ని మూశారు అన్న రెండు గీతలు ఉంటాయి. విడుదలకు దగ్గరపడుతున్న ఆటలో మూసినవి పైకి పోవాలి, కొత్తవి కిందికి దిగాలి. ఆశ ఎక్కువైన ఆటలో రెండూ కలిసి పైకి పోతాయి, ఎందుకంటే ఒక పక్క మేం పాతవాటిని వెతుకుతుంటే ఇంకో పక్క వాళ్లు కొత్తవి చేరుస్తూనే ఉంటారు. ఈ ఘట్టంలో నిజాయితీ ఉన్న నిర్మాత వాయిదా అడుగుతాడు. అడగలేని నిర్మాత అక్షరాలు మారుస్తాడు. మా బగ్‌లకు ఏ, బీ, సీ అని తీవ్రత ఉంటుంది. ఏ అంటే దీనితో ఆట అమ్మకూడదని. రాత్రి ఏ గా పెట్టిన బగ్ పొద్దున చూస్తే సీ అయి కూర్చుంటుంది. బగ్ అదే, దాని తీవ్రత అదే, ముందున్న అక్షరం మాత్రం దిగిపోయింది. కొన్నిటికి ‘వోంట్ ఫిక్స్’ అనీ, కొన్నిటికి ‘యాజ్ డిజైన్డ్’ అనీ ముద్ర పడుతుంది, అంటే మేం కావాలనే అలా చేశామని. గుర్రం బగ్‌కు ఆ ముద్ర పడిన రోజు మా కుర్రాడు, “నీళ్ల కింద ఊపిరి పీల్చే గుర్రాన్ని ఎవరు డిజైన్ చేశారన్నా?” అన్నాడు. తర్వాత దాన్ని సరిచేశారు లెండి.

ఇక సైబర్‌పంక్ 2077. దాని గురించి మావాళ్లకు ఉన్నన్ని అభిప్రాయాలు ఎన్నికల గురించి కూడా ఉండవు. పోలండ్ కంపెనీ సీడీ ప్రాజెక్ట్ రెడ్ 2012లో ప్రకటించింది. 2019లో వేదిక మీద 2020 ఏప్రిల్ 16 అని తేదీ చెప్పింది. 2020 జనవరిలో దాన్ని సెప్టెంబరు 17 చేసింది, జూన్‌లో నవంబరు 19 చేసింది. అక్టోబరు 5న ఆట గోల్డ్ అయిందని చాటింది. షూటింగ్ అయిపోయిందని సినిమావాళ్లు గుమ్మడికాయ కొట్టడం లాంటిది ఈ గోల్డ్. డిస్కులు అచ్చువేయడానికి మాస్టర్ కాపీ వెళ్లిపోయిందన్నమాట. మూడు వారాలు గడిచాక, అక్టోబరు 27న, పసుపు కాగితం మీద నల్ల అక్షరాల ప్రకటన మళ్లీ వచ్చింది. డిసెంబరు 10కి వాయిదా.

గోల్డ్ అయ్యాక వాయిదా ఏమిటని జనం వెక్కిరించారు. మా ఫ్లోర్ మీద మాత్రం ఎవరూ నవ్వలేదు. ఆ ప్రకటనలోనే కారణం ఉంది. పాత ప్లేస్టేషన్, పాత ఎక్స్‌బాక్స్, వాటిలో కాస్త బలమైన రకాలు, అప్పుడే వస్తున్న కొత్తవి, పీసీ, స్టేడియా కలిపి మొత్తం తొమ్మిది వెర్షన్లు ఒకేసారి టెస్ట్ చేయాలి. అదీ కోవిడ్ కాలంలో, ఇళ్లలో కూర్చుని. డిస్కు అచ్చుకు పోయాక కూడా విడుదల రోజున దింపుకునే ప్యాచ్ కోసం పని నడుస్తూనే ఉంటుంది. ప్యాచ్ అన్నది లేనప్పుడు గోల్డ్ అంటే నిజంగా గోల్డే. ఇప్పుడది డిస్కులు అచ్చువేసేవాడికి ఇచ్చిన మాట మాత్రమే.

ఆ మూడు వారాల గడువూ చాలలేదు. పీసీ మీద ఫరవాలేదనిపించిన ఆట పాత ప్లేస్టేషన్ 4 మీద, మొదటి ఎక్స్‌బాక్స్ వన్ మీద నడవలేక నడిచింది. వారం దాటిందో లేదో, డిసెంబరు 18న, సోనీ తన స్టోర్‌లోంచి దాన్ని తీసేసింది. మళ్లీ పెట్టింది 2021 జూన్‌లో. అంతకుముందు, 2021 జనవరిలో, కంపెనీ సహవ్యవస్థాపకుడు మార్చిన్ ఇవిన్స్కీ వీడియోలో క్షమాపణ చెప్పాడు. పీసీ మీద అద్భుతంగా కనపడేలా చేసి, దాన్ని పాత మెషీన్లలో ఇమిడ్చే పనిని తక్కువ అంచనా వేశామన్నాడు. అంతవరకు మంచి మాటే. ఆ వెంటనే, మీరు ఎదుర్కొన్న సమస్యల్లో చాలావాటిని మా టెస్టింగ్ పట్టుకోలేదు అన్న అర్థం వచ్చే మాట అన్నాడు. ఆ రోజు మా క్యాంటీన్‌లో టీ చల్లారిపోయింది గానీ చర్చ చల్లారలేదు. బ్లూమ్‌బర్గ్‌లో జేసన్ ష్రైయర్ అక్కడి ఉద్యోగులతో మాట్లాడి రాసిన కథనంలో, వాటిలో చాలా సమస్యలు లోపలివాళ్లకు ముందే తెలుసని, సరిచేసే సమయమే లేకపోయిందని వచ్చింది. ఎవరిది నిజమో తేల్చే స్థోమత నాకు లేదు. నా అనుభవం మాత్రం రెండోవైపే మొగ్గుతుంది. స్టోర్‌లోంచి తీసేసే స్థాయి బగ్ టెస్టర్ కంట పడకపోవడం చాలా అరుదు. కంటపడింది మూతపడకపోవడం మామూలు.

తేదీని ఎవరు నిర్ణయిస్తారన్నది తెలిస్తే ఇందులో సగం అర్థమవుతుంది. టెస్టర్లు నిర్ణయించరు, చాలాసార్లు తయారుచేసేవాళ్లూ నిర్ణయించరు. స్టాక్ మార్కెట్‌లో ఉన్న ఆటల కంపెనీల్లో చాలావాటికి మార్చి 31న లెక్కలు మూయాలి, ఆలోగా అమ్మకాలు చూపించాలి. అమెరికాలో నవంబరు, డిసెంబరు పండగల కొనుగోళ్లు దాటిపోకూడదు. జీటీఏ 6 రెండో వాయిదా వార్త రాక్‌స్టార్ మాతృసంస్థ టేక్-టూ తన మూడు నెలల లెక్కలు చెప్పిన రోజునే వచ్చింది చూడండి. తేదీ అక్కడి నుంచి వెనక్కి లెక్కపెట్టుకుంటూ మా దాకా వస్తుంది. ఈ మధ్యలో ప్లేస్టేషన్, ఎక్స్‌బాక్స్, నింటెండో వాళ్ల సర్టిఫికేషన్ ఒకటుంది. ఆడుతుండగా కంట్రోలర్ బ్యాటరీ అయిపోతే ఆట ఆగి కబురు చెప్పాలి, మెమరీ నిండిపోతే కుప్పకూలకూడదు, బటన్‌ను వాళ్లు పిలిచే పేరుతోనే పిలవాలి. ఇలా ఒక్కొక్కరికి పెద్ద పెద్ద జాబితాలు. ఒకచోట ఫెయిలైతే సరిచేసి మళ్లీ పంపాలి. షెడ్యూల్ వేసేవాళ్లు మొదటిసారే పాసవుతామని వేస్తారు.

పని వెనకబడితే మనుషుల్ని పెంచుతారు. 1975లో ఫ్రెడ్ బ్రూక్స్ ఐబీఎం అనుభవంతో పుస్తకమే రాశాడు, ఆలస్యమైన సాఫ్ట్‌వేర్ పనికి మనుషుల్ని కలిపితే ఇంకా ఆలస్యమవుతుందని. ఆ పుస్తకం చదవని మేనేజర్ ఉండడు, పాటించిన మేనేజర్ని మాత్రం నేను చూడలేదు. ఆఖరి నెలలో మా ఫ్లోర్ మీదికి కొత్త పిల్లలు దిగుతారు. వాళ్లకు ఆట నేర్పాలి, డేటాబేస్ నేర్పాలి. వాళ్లు రాసే బగ్‌లలో చాలావరకు అప్పటికే రాసినవే ఉంటాయి. వాటిని ఏరడానికి నా దగ్గరున్న మంచి టెస్టర్‌ని కూర్చోబెట్టాలి. పనిచేసేవాడు తనిఖీ చేసేవాడైపోతాడు.

వాయిదా పడితే ఊపిరి పీల్చుకుంటారు కదా అని బయటివాళ్లు అంటుంటారు. గడువు పెరిగితే పరుగు కూడా పెరుగుతుంది. సైబర్‌పంక్ మొదటి వాయిదా రోజున ఓవర్‌టైమ్ తప్పదా అని ఇన్వెస్టర్ల కాల్‌లో అడిగితే, కొంతవరకు తప్పదనే జవాబు వచ్చింది. అంతకుముందు ఏడాది ఎవరినీ బలవంతంగా అదనపు పనికి పెట్టబోమన్న కంపెనీ, 2020 సెప్టెంబరులో ఆరు రోజుల వారం పెట్టింది. వాళ్లు పర్మనెంట్ ఉద్యోగులు. మా దగ్గర సగంమంది కాంట్రాక్టు మీద ఉంటారు, వాయిదా పడితే కాంట్రాక్టు నెల నెలా పొడిగిస్తారు. ఈ నెల జీతం ఖాయం, వచ్చే నెలది ఆటను బట్టి.

మా టీములో తణుకు నుంచి వచ్చిన ఒక అమ్మాయి ఉండేది. ఆట జూన్‌లో విడుదలని క్లయింటు చెప్పాడు గనక ఇంట్లోవాళ్లు శ్రావణంలో పెళ్లి కుదిర్చారు. ఆట ఆగస్టుకు జరిగింది, అందరి సెలవులూ రద్దయ్యాయి. ఆ అమ్మాయి నా దగ్గరికి వచ్చి, “అన్నా, ముహూర్తం మా అత్తగారి వైపు సిద్ధాంతిగారు పెట్టారు. ఆయన్ని ఓసారి క్లయింటు కాల్‌లో కూర్చోబెట్టమంటారా?” అంది. షిఫ్టులు తలా కాస్త పంచుకుని పంపాం, పెళ్లికి మేం మాత్రం వెళ్లలేకపోయాం. పెళ్లయ్యాక ఆ అమ్మాయి కాంట్రాక్టు పొడిగించలేదు. ఏడాదికి పైగా పనిచేసిన ఆటలో, చివర వచ్చే పేర్లలో ఆమె పేరు లేదు. విడుదలనాటికి పనిలో ఉన్నవాళ్ల పేర్లే వేయడం ఆ క్లయింటు పద్ధతట. ఈ పద్ధతి మీద నాకు గౌరవం లేదు.

ఇంతా చెప్పి వాయిదా చెడ్డదని నేననడం లేదు. ఏ రకం వాయిదా అన్నది చూడాలి. హేలో ఇన్ఫినిట్‌ను 2020 జూలైలో చూపిస్తే బొమ్మలు బాగాలేవని జనం దులిపేశారు. ఆగస్టులో వాయిదా వేసి 2021 డిసెంబరు 8న తెచ్చారు, ఆ ఏడాది వృథా పోలేదు. ఇది రిపేరు వాయిదా. డ్యూక్ నూకెమ్ ఫరెవర్‌ది వేరే కథ. 1997లో ప్రకటించి, మధ్యలో ఇంజన్ మార్చి, కొత్త ఆట ఏదొచ్చినా దాన్ని మించాలని మళ్లీ మళ్లీ మొదలుపెట్టి, 2009లో ఉన్న టీమును పంపించేసి, వేరే స్టూడియో చేతికి వెళ్లి 2011లో బయటపడింది. వచ్చాక మెచ్చుకున్నవాళ్లు తక్కువ. ఇది తేల్చుకోలేని వాయిదా. ప్రకటనలో మెరుగులు దిద్దుతున్నాం అని ఉంటే నెలల్లో లెక్కపెట్టుకోవచ్చు. ఇంజన్ మారుస్తున్నాం, వేరే కన్సోల్‌కు వెళ్తున్నాం అని ఉంటే ఏళ్లలో లెక్కపెట్టుకోవాలి.

తేదీని ముందుకు జరిపిన పెద్ద ఆట కూడా ఒకటుంది. బాల్డర్స్ గేట్ 3ను 2023 ఆగస్టు 31కి అనుకుని పీసీ మీద ఆగస్టు 3నే ఇచ్చేశారు. మావాళ్లు చాలాకాలం చెప్పుకున్నారు దాని గురించి. కిటుకేమీ లేదు. 2020 అక్టోబరు నుంచి మొదటి భాగాన్ని జనానికి అమ్మి, వాళ్లు ఆడుతుంటే చూసి సరిచేసుకుంటూ వచ్చారు. మూడేళ్లపాటు లక్షలమంది టెస్టర్లు, పైగా డబ్బిచ్చి మరీ టెస్ట్ చేసినవాళ్లు. ఆ ఆటనే ప్లేస్టేషన్ 5కు సెప్టెంబరు 6కి జరిపారు. ఎక్స్‌బాక్స్‌కు డిసెంబరు దాకా రాలేదు, ఎందుకంటే ఎక్స్‌బాక్స్‌లలో చిన్నదైన సిరీస్ ఎస్ మీద ఇద్దరు ఒకే తెరను పంచుకుని ఆడే ఏర్పాటు నడవలేదు. చివరికి దాని మీద అది లేకుండానే విడుదల చేశారు. ఒక బలహీనమైన మెషీన్ చాలు, తేదీ ఆగిపోవడానికి.

మా మేనల్లుడికి నేనిచ్చే సలహా ఒకటే, మీకూ అదే. వాయిదా వేశారని స్టూడియోవాళ్లను ట్విట్టర్‌లో తిట్టకండి, దాన్ని చదివేది తేదీ పెట్టినవాళ్లు కాదు, పనిచేసేవాళ్లు. అంతకంటే ముఖ్యం, ముందస్తుగా డబ్బు కట్టకండి. సైబర్‌పంక్‌కు విడుదలకు ముందే సుమారు 80 లక్షల మంది కట్టేశారు. ఆ సమయానికి సమీక్షకులకు పీసీ కాపీలే ఇచ్చారు, పాత కన్సోల్ మీద అదెలా ఉందో రాసే అవకాశం ఎవరికీ లేదు. డౌన్‌లోడ్ చేసుకునే ఆట స్టాకు అయిపోదు. నాలుగైదు వేలు పెట్టే ముందు రెండు వారాలు ఆగి, మీ ఇంట్లో ఉన్న మెషీన్ మీదే ఆడినవాళ్లు ఏమంటున్నారో విని కొనండి.